నెట్‌వర్క్ ఫోల్డర్ తెరిస్తే పాస్‌వర్డ్ అడగకుండానే ‘అనుమతి లేదు’ అంటోంది: కారణం ఎక్కడ వెతకాలి?

చీమకుర్తి_పలక

మిత్రులకు నమస్కారం. చీమకుర్తిలో గ్రానైట్ రాళ్లను పలకలుగా కోసి పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీ కార్యాలయంలో నేను లెక్కలు రాస్తుంటాను. మా ఫైళ్లన్నీ ఒక చిన్న నాస్ పెట్టెలో (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే నిల్వ పరికరంలో) ఉంటాయి. అందులో ‘కొలతలు’, ‘ఫోటోలు’, ‘లెక్కలు’ అని మూడు షేర్డ్ ఫోల్డర్లు ఉన్నాయి. బ్లాక్ గెలాక్సీ పలకల కొలతల పట్టీలూ, కొనేవారికి పంపే ఫోటోలూ యార్డులో పనిచేసే వారందరూ చూడవలసినవి కాబట్టి మొదటి రెండింటికీ పాస్‌వర్డ్ లేదు. మూడవదానిలో బిల్లులు, జీతాలు, బ్యాంకు కాగితాలు ఉన్నందువల్ల దానికి మాత్రం యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టారు.

పాత కంప్యూటర్‌లో ‘లెక్కలు’ మీద నొక్కగానే ఒక పెట్టె వచ్చి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగేది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా అని మా యజమాని విండోస్ 11 ప్రో ఉన్న కొత్త కంప్యూటర్ తెప్పించారు. మొదట అందులో నాస్ అసలు తెరుచుకోలేదు. మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని (పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశాన్ని) అడ్డుకుంటున్నాయి అనే అర్థం వచ్చే సందేశం కనబడింది. అమ్మిన దుకాణం నుంచి వచ్చిన కుర్రవాడు ఏవో రెండు సెట్టింగులు మార్చిన తర్వాత ‘కొలతలు’, ‘ఫోటోలు’ తెరుచుకున్నాయి. ‘లెక్కలు’ మీద నొక్కితే మాత్రం పాస్‌వర్డ్ పెట్టె రానే రాదు. ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదు, నిర్వాహకుణ్ని సంప్రదించండి అని వెంటనే వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ నాకు తెలుసు, అది సరైనదే, పాత కంప్యూటర్‌లో ఈనాటికీ పనిచేస్తోంది. కానీ అడిగితే కదా చెప్పగలిగేది! నెలాఖరు లెక్కలు ఆగిపోయాయి. దయచేసి దారి చూపండి.

ఒంగోలు_వైరింగు

పలక గారూ, ముందుగా కొత్త కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని ఉందో ‘ప్రైవేట్’ అని ఉందో చూడండి. ‘పబ్లిక్’ అయితే ‘ప్రైవేట్’కు మార్చండి. ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్‌కు అనుమతి ఉందో లేదో కూడా సరిచూడండి. అప్పటికీ కాకపోతే, మీ నాస్ పాతదైతే, కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్లలో ఎస్‌ఎమ్‌బీ 1 అనేదాన్ని (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎమ్‌బీ పద్ధతి పాత రూపాన్ని) ఎక్కించి చూడవచ్చు. మా వైపు రెండు మూడు చోట్ల అలా చేస్తే పాత నాస్ పెట్టెలు కనబడ్డాయి.

పెన్నాతీరం

వైరింగు గారు చెప్పిన మొదటి రెండూ అసలు నాస్ పెట్టే కనబడనప్పుడు చూడవలసినవి. నెట్‌వర్క్ దారి దొరకలేదని 80070035 అనే దోషసంఖ్య వస్తే నేను కూడా అక్కడే మొదలుపెడతాను. కానీ పలక గారి విషయంలో అదే పెట్టెలోని ‘కొలతలు’ చక్కగా తెరుచుకుంటోంది. అంటే కేబుల్, రౌటర్, ఫైర్‌వాల్, ఎస్‌ఎమ్‌బీ రూపాంతరం, ఎస్‌ఎమ్‌బీ వాడే 445వ పోర్టు అన్నీ బాగానే ఉన్నాయి. కాబట్టి అటువైపు వెతకవలసిన పని లేదు.

ఎస్‌ఎమ్‌బీ 1ను మాత్రం దయచేసి ఎక్కించవద్దు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత ప్రోటోకాల్‌ను అమలుచేసే భాగంలోని లోపం గుండానే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో మందు విడుదల చేసినప్పటికీ వేసుకోని కంప్యూటర్లు లక్షల్లో మిగిలిపోయాయి. ఆ ఏడాది చివర వచ్చిన విండోస్ 10 1709 రూపం నుంచి కొత్తగా ఎక్కించే విండోస్‌లో ఎస్‌ఎమ్‌బీ 1 ముందుగా ఉండటం మానేసింది. జీతాల ఫైళ్లు ఉన్న నెట్‌వర్క్‌లోకి దాన్ని మనమే తిరిగి పిలవకూడదు.

ఇక అసలు విషయం. పాస్‌వర్డ్ పెట్టె రాలేదంటే, విండోస్ తన పేరు చెప్పడం, అవతలి నాస్ దాన్ని ఏదో ఒక రూపంలో ఒప్పుకోవడం అప్పటికే జరిగిపోయాయని అర్థం. ఒక సర్వర్‌ను తెరవగానే విండోస్ మనల్ని ఏమీ అడగకుండా ముందు క్రెడెన్షియల్ మేనేజర్‌లో (విండోస్ పేర్లు, పాస్‌వర్డ్‌లు దాచే చోట) ఆ సర్వర్ పేరు మీద ఏదైనా దాచి ఉందేమో చూస్తుంది. లేకపోతే మీరు కంప్యూటర్‌లోకి ప్రవేశించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లనే నిశ్శబ్దంగా వాడి చూస్తుంది. అవతలివారు ‘ఈ మనిషి చెల్లడు’ అని తిరస్కరించినప్పుడే మన ముందుకు పెట్టె వస్తుంది. ఇక్కడ మొదటి తలుపు దగ్గర తిరస్కారం జరగలేదు. లోపలికి వచ్చిన తర్వాత ‘ఈ గదిలోకి నీకు హక్కు లేదు’ అన్నారు, అంతే. గుర్తింపు వేరు, అనుమతి వేరు. అనుమతి లేదన్నంత మాత్రాన విండోస్ మళ్లీ గుర్తింపు అడుగుతుందనే నమ్మకం లేదు.

అందుచేత ఏ సెట్టింగునూ కదపకముందు ఈ మూడు సంగతులు చెప్పండి. కొత్త కంప్యూటర్‌లో మీరు ఏ పేరుతో ప్రవేశిస్తున్నారు? పాత కంప్యూటర్‌లో ఏ పేరు ఉండేది? నాస్ నిర్వహణ పేజీలో ‘ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నవారు’ అనే జాబితా ఉంటుంది, మీరు ‘కొలతలు’ తెరిచి ఉంచినప్పుడు ఆ జాబితాలో మీ కంప్యూటర్ ఐపీకి (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామాకు) ఎదురుగా ఏ పేరు కనబడుతోంది? పవర్‌షెల్‌లో గెట్-ఎస్‌ఎమ్‌బీకనెక్షన్ అనే ఆజ్ఞ కూడా ఒక పేరు చూపిస్తుంది. అయితే అది మన కంప్యూటర్ పంపిన పేరు మాత్రమే, అవతలివైపు ఆ పేరును ఎవరిగా స్వీకరించారో అందులో తెలియదు. అందుకే నాస్ పేజీనే చూడమంటున్నాను.

చీమకుర్తి_పలక

చూశాను. పాత కంప్యూటర్‌లో యూజర్ పేరు ‘ఆఫీస్’. కొత్తదాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాతో, మా యజమాని ఈమెయిల్‌తో మొదలుపెట్టారు, రోజూ పిన్ నొక్కి ప్రవేశిస్తాను. నాస్ పేజీలోని జాబితాలో నా కొత్త కంప్యూటర్ ఐపీ ఎదురుగా ‘గెస్ట్’ అని ఉంది. పాత కంప్యూటర్‌కు ఎదురుగా ‘ఆఫీస్’ అని ఉంది. నాస్‌లో ఉన్న యూజర్లు ఇద్దరే: ‘అడ్మిన్’, ‘ఆఫీస్’. ‘లెక్కలు’ తెరిచే హక్కు ‘ఆఫీస్’కు ఉంది.

మరొక ప్రశ్న. పాత కంప్యూటర్ పాస్‌వర్డ్ వేరు, నాస్‌లోని ‘ఆఫీస్’ పాస్‌వర్డ్ వేరు. మరి అక్కడ పెట్టె ఎందుకు వచ్చేది, ఇక్కడ ఎందుకు రాదు?

కావలి_మాస్టారు

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది, పలక గారూ. డిగ్రీ కళాశాలలో నెట్‌వర్కింగ్ పాఠం చెప్పేవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

చిన్న నాస్ పెట్టెల్లో చాలావాటిలో లోపల నడిచేది లినక్స్, దాని మీద విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు పంచే సాంబా అనే ప్రోగ్రామ్. సాంబాలో ‘మ్యాప్ టు గెస్ట్’ అనే ఒక సెట్టింగు ఉంది. దాని అసలు విలువ ‘నెవర్’, అంటే తెలియని మనిషినైనా, తప్పు పాస్‌వర్డ్ చెప్పినవాడినైనా ఒకే విధంగా తిప్పి పంపడం. కానీ పాస్‌వర్డ్ లేని ఫోల్డర్లు కావాలనుకునేవారి కోసం దాన్ని ‘బ్యాడ్ యూజర్’ అని మార్చి పెట్టడం చాలాచోట్ల ఉంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలతో వచ్చే సాంబా కాన్ఫిగరేషన్ ఫైలులో కూడా అలాగే రాసి ఉంటుంది. ఈ విలువ ఉన్నప్పుడు సాంబా రెండు సందర్భాలను వేర్వేరుగా చూస్తుంది. వచ్చిన పేరు తన యూజర్ల జాబితాలో ఉండి పాస్‌వర్డ్ తప్పయితే తిరస్కరిస్తుంది. ఆ పేరే జాబితాలో లేకపోతే తిరస్కరించదు, గెస్ట్‌గా లోపలికి తీసుకుంటుంది. పెళ్లివారింటికి ముఖపరిచయం లేని మనిషి వచ్చినా పందిట్లో కూర్చోబెట్టి, లోపలి గదిలోకి మాత్రం పోనివ్వనట్టు.

ఇప్పుడు మీ రెండు కంప్యూటర్లనూ దీనితో పోల్చండి. పాతది ‘ఆఫీస్’ అనే పేరు పంపింది. నాస్‌లో ఆ పేరు ఉంది, పాస్‌వర్డ్ కుదరలేదు, తిరస్కరించింది, విండోస్ పెట్టె చూపింది. మీరు సరైన పాస్‌వర్డ్ కొట్టారు. కొత్తది యజమాని గారి ఈమెయిల్‌కు సంబంధించిన పేరు పంపింది. నాస్‌కు ఆ పేరు తెలియదు, గెస్ట్‌గా తీసుకుంది. విండోస్ దృష్టిలో లాగిన్ విజయవంతం అయింది, ఇంక పెట్టె ఎందుకు చూపిస్తుంది? ఆ తర్వాత ‘లెక్కలు’ దగ్గర గెస్ట్‌కు హక్కు లేదు కాబట్టి ‘అనుమతి లేదు’ అన్నది. ఎవరూ తమ పని తప్పుగా చేయలేదు, కానీ మనకు కావలసిన ఫలితం మాత్రం రాలేదు.

ఆ సెట్టింగుకు ‘బ్యాడ్ పాస్‌వర్డ్’ అనే మూడో విలువ కూడా ఉంది. అది ఇంకా ప్రమాదకరం. పాస్‌వర్డ్ తప్పు కొట్టినవారిని కూడా మాట చెప్పకుండా గెస్ట్ చేసేస్తుంది. ఉన్నట్టుండి తమ ఫైళ్లు ఎందుకు కనబడటం లేదో వాడేవారికి ఎప్పటికీ అర్థం కాదు. సాంబా వారి సొంత కరదీపికే దీని గురించి హెచ్చరిస్తుంది.

పెన్నాతీరం

మాస్టారు గారి వివరణకు ఒక్క మాట చేర్చాలి, ఎందుకంటే దుకాణం కుర్రవాడు మార్చిన ‘రెండు సెట్టింగులు’ ఏమిటో ఇప్పుడు స్పష్టమైంది. విండోస్ 11 ప్రో 24హెచ్2 రూపం నుంచి రెండు జాగ్రత్తలు ముందుగానే అమల్లో ఉంటాయి. ఒకటి, అవతలి సర్వర్ గెస్ట్‌గా తీసుకుంటానన్నా విండోస్ ఒప్పుకోదు. రెండు, ప్రతి ఎస్‌ఎమ్‌బీ సంభాషణకూ డిజిటల్ సంతకం ఉండి తీరాలంటుంది, దీన్నే సైనింగ్ అంటారు. మొదట మీకు కనబడిన సందేశం మొదటి జాగ్రత్త ఇచ్చిన హెచ్చరిక. నిజానికి నాస్ మిమ్మల్ని గెస్ట్‌గా తీసుకుంటోందని అది ఆనాడే చెప్పింది. ఆ కుర్రవాడు దాని అర్థం వెతకకుండా రెండు జాగ్రత్తలనూ తీసేసి ఉంటాడు. సైనింగ్‌ను కూడా ఎందుకు తీయవలసి వచ్చిందంటే, సంతకానికి కావలసిన తాళంచెవి పాస్‌వర్డ్‌తో జరిగిన గుర్తింపు నుంచే పుడుతుంది. గెస్ట్‌కు పాస్‌వర్డ్ లేదు, కాబట్టి సంతకమూ లేదు.

అది తీసేస్తే ఏమవుతుందంటే, అదే నెట్‌వర్క్‌లో ఎవరైనా మీ నాస్ పేరుతో ఒక నకిలీ సర్వర్ నిలబెడితే మీ కంప్యూటర్ గుర్తుపట్టలేదు, మధ్యలో ఫైలు మారినా తెలియదు. కాబట్టి ‘లెక్కలు’ తెరుచుకున్న తర్వాత ఆ రెండింటినీ యథాస్థానంలో పెట్టే పని కూడా మనదే.

ప్రస్తుతానికి చేయవలసింది: నాస్‌కు మీరు ‘ఆఫీస్’ అని ముందే చెప్పాలి. విండోస్ అడిగేదాకా ఆగకూడదు. ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’లో ‘కనెక్ట్ యూజింగ్ డిఫరెంట్ క్రెడెన్షియల్స్’ అనే గడిలో టిక్కు పెట్టి ప్రయత్నించండి.

చీమకుర్తి_పలక

ప్రయత్నించాను. ఈసారి పెట్టె వచ్చింది, సంతోషించాను. ‘ఆఫీస్’ అని, పాస్‌వర్డ్ కొట్టగానే, ఒకే యూజర్ ఒకే సర్వర్‌కు ఒకటికంటే ఎక్కువ పేర్లతో కనెక్ట్ కావడానికి వీల్లేదని వచ్చింది. దోషసంఖ్య 1219.

పెన్నాతీరం

అది ఎదురుచూడవలసినదే, మన ఊహ సరైనదేనని కూడా దానితో తేలింది. మీ కంప్యూటర్‌కూ నాస్‌కూ మధ్య ఇప్పటికే ఒక గెస్ట్ సంబంధం బ్రతికి ఉంది. విండోస్ ఒక లాగిన్‌లో ఒక సర్వర్‌తో ఒకే గుర్తింపు మీద మాట్లాడుతుంది. కిటికీ మూసినంత మాత్రాన ఆ సంబంధం వెంటనే తెగదు, కొంతసేపు అలాగే ఉంటుంది. ఇలా చేయండి.

నాస్ ఫోల్డర్ల కిటికీలు, అక్కడి నుంచి తెరిచిన ఎక్సెల్ ఫైళ్లు అన్నీ మూసేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అడ్మినిస్ట్రేటర్‌గా వద్దు, మామూలుగానే తెరవండి. అడ్మినిస్ట్రేటర్ కిటికీ వేరే లాగిన్ కింద లెక్క, అక్కడ కనబడే సంబంధాలు, తెంచే సంబంధాలు మీ ఎక్స్‌ప్లోరర్‌వి కావు. ‘నెట్ యూజ్’ అని కొడితే జాబితా వస్తుంది. ‘నెట్ యూజ్’, ఖాళీ, నక్షత్రం గుర్తు, ఖాళీ, వాలుగీతతో ‘డిలీట్’ అని (net use * /delete) కొడితే అన్నీ తెగుతాయి. ఎక్స్‌ప్లోరర్ ద్వారా తెరిచినవి కొన్నిసార్లు ఆ జాబితాలో కనబడవు. అందువల్ల ఒకసారి సైన్ అవుట్ అయి తిరిగి ప్రవేశించడమే నమ్మదగిన పద్ధతి.

తిరిగి వచ్చాక నాస్‌ను ముట్టుకోకుండా నేరుగా కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌కు వెళ్లండి. ‘విండోస్ క్రెడెన్షియల్స్’ కింద నాస్ పేరుతో గాని, ఐపీతో గాని పాత నమోదు ఉంటే తీసేయండి. కొత్తది చేర్చండి: చిరునామా దగ్గర నాస్ పేరు, యూజర్‌నేమ్ దగ్గర నాస్ పేరు, వెనుకవాలు గీత (\), ‘ఆఫీస్’ అని కలిపి రాయండి, ఆ తర్వాత పాస్‌వర్డ్. పేరు ముందు నాస్ పేరు రాయడం ఎందుకంటే, లేకపోతే విండోస్ ఆ ‘ఆఫీస్’ను వేరే చోటి మనిషిగా భావించి పంపే అవకాశం ఉంది. ఇప్పుడు నాస్ తెరవండి.

ఆక్వా_ఇందుకూరుపేట

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, మాది దీనికి తలకిందుల సమస్య. రొయ్య పిల్లల హేచరీ కార్యాలయంలో నాస్ లేదు. విండోస్ కంప్యూటర్లు రెండున్నాయి, ఒకదానిలో ఫోల్డర్ షేర్ చేశాము. ఎవరు తెరిచినా పాస్‌వర్డ్ అడగదు. మేత సరఫరాకు వచ్చిన వ్యక్తి వైఫై కలుపుకుని తన ల్యాప్‌టాప్‌లో మా కూలీల చెల్లింపుల ఫైలు చూడగలిగాడని తెలిసి భయపడ్డాము. ఎక్కడ సరిచేయాలి?

కావలి_మాస్టారు

ఇది తలకిందుల సమస్య కాదు, అదే సమస్య. అక్కడ గెస్ట్‌ను గడపలో ఆపారు, మీ దగ్గర గెస్ట్‌కు అన్ని హక్కులూ ఇచ్చారు.

బయటివారి ల్యాప్‌టాప్‌కు కూడా తెరుచుకుంది కాబట్టి కారణం ఒకటే కనబడుతోంది: ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ ఆపేసి, ఫోల్డర్ హక్కుల్లో ‘ఎవ్రీవన్’ అని పెట్టారు. మీ రెండో కంప్యూటర్ ఒక్కదానికే తెరుచుకుని బయటివారికి తెరుచుకోకపోతే వేరుగా ఆలోచించేవాణ్ని. రెండు కంప్యూటర్లలోనూ ఒకే యూజర్‌నేమ్, ఒకే పాస్‌వర్డ్ ఉన్నప్పుడు విండోస్ నిశ్శబ్దంగా వాటినే పంపి, అవతలివైపు సరిపోయి, పెట్టె లేకుండానే లోపలికి వెళుతుంది. అది సరైన గుర్తింపే, భయపడవలసినది కాదు.

ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ దాకా వెళ్లండి. చివర ‘ఆల్ నెట్‌వర్క్స్’ కింద ఆ సెట్టింగు ఉంటుంది, ఆన్ చేయండి. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ పని కోసం ఒక ప్రత్యేక లోకల్ యూజర్‌ను పాస్‌వర్డ్‌తో సృష్టించి, ఫోల్డర్ హక్కుల్లో ‘ఎవ్రీవన్’ను తీసేసి ఆ యూజర్‌ను చేర్చండి. షేరింగ్ పేజీలోనూ, సెక్యూరిటీ పేజీలోనూ రెండుచోట్లా చూడాలి. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారికి ఆ రెండింటిలో ఏది కఠినమైతే అదే వర్తిస్తుంది.

అసలు దాన్ని ఎవరు, ఎందుకు ఆపి ఉంటారో కూడా చెబుతాను. చిన్న కార్యాలయాల్లో కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేకుండా వాడుకోవడం అలవాటు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న ఖాతాను విండోస్ నెట్‌వర్క్ మీదుగా లోపలికి రానివ్వదు, ఎదుట కూర్చుని ప్రవేశించడానికే ఒప్పుకుంటుంది. అప్పుడు పెట్టె వస్తుంది, ఏమి కొట్టినా ఒప్పుకోదు. విసిగిపోయి ఆ రక్షణనే ఆపేస్తారు. పిన్ వాడేవారికి కూడా ఇదే చిక్కు: పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతుంది, నెట్‌వర్క్‌లో అవతలివైపు కావలసింది ఖాతా అసలు పాస్‌వర్డ్.

ఆ వ్యక్తి వాడిన వైఫై పాస్‌వర్డ్‌ను కూడా ఇవాళే మార్చండి. వచ్చేవారికి వేరే గెస్ట్ వైఫై ఇచ్చే సౌకర్యం మీ రౌటర్‌లో ఉంటే అది పెట్టండి.

లినక్స్_సింగరాయకొండ

నాస్ పెట్టె కొనకుండా పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసుకుని సాంబా నడిపేవారి కోసం రెండు మాటలు. లినక్స్ యూజర్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు. లినక్స్‌లో యూజర్‌ను సృష్టించి, ఎస్‌ఎమ్‌బీపాస్‌డబ్ల్యూడీ (smbpasswd) ఆజ్ఞతో సాంబాలో చేర్చడం మరిచిపోతే, ‘బ్యాడ్ యూజర్’ సెట్టింగు ఉన్నచోట ఆ మనిషి కూడా తెలియని మనిషే అయి గెస్ట్‌గా మారతాడు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా సరే. సాంబాలో ఎవరెవరు ఉన్నారో పీడీబీఎడిట్, ఇప్పుడు ఎవరు ఏ పేరుతో లోపల ఉన్నారో ఎస్‌ఎమ్‌బీస్టేటస్, సెట్టింగులు నిజంగా ఏమి అమల్లో ఉన్నాయో టెస్ట్‌పార్మ్ చూపిస్తాయి. ఎస్‌ఎమ్‌బీస్టేటస్‌లో ‘నోబడీ’ అని కనబడితే అది గెస్టే.

మ్యాక్ వాడేవారికి ఇది సులువు. ఫైండర్ కిటికీ పైభాగంలోనే ‘గెస్ట్‌గా కనెక్ట్ అయ్యారు’ అని చూపించి, పక్కనే ‘కనెక్ట్ యాజ్’ అనే బొత్తాం ఇస్తుంది. ఎవరిగా లోపల ఉన్నామో విండోస్ కూడా ఇలా ముఖం మీదే చూపితే సగం ఫోన్లు తగ్గుతాయని నా గట్టి అభిప్రాయం.

చీమకుర్తి_పలక

పెన్నాతీరం గారూ, మాస్టారు గారూ, ‘లెక్కలు’ తెరుచుకుంది. సైన్ అవుట్ అయి వచ్చి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో మీరు చెప్పిన విధంగా నమోదు చేయగానే పెట్టె కూడా అడగకుండా లోపలికి వెళ్లింది. నాస్ జాబితాలో ఇప్పుడు నా ఐపీ ఎదురుగా ‘ఆఫీస్’ అని ఉంది. ఇక ఆ రెండు జాగ్రత్తలను తిరిగి ఎలా పెట్టాలో చెప్పండి. యార్డులో వారి ల్యాప్‌టాప్‌లకు ఇబ్బంది రాకూడదు.

పెన్నాతీరం

మంచిది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరవండి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, ల్యాన్‌మ్యాన్ వర్క్‌స్టేషన్ వరకు వెళితే ‘ఎనేబుల్ ఇన్‌సెక్యూర్ గెస్ట్ లాగాన్స్’ ఉంటుంది, దాన్ని ‘డిసేబుల్డ్’ చేయండి. విండోస్ సెట్టింగ్స్ కింద సెక్యూరిటీ సెట్టింగ్స్, లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్‌లో ‘మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్: డిజిటల్లీ సైన్ కమ్యూనికేషన్స్ (ఆల్వేస్)’ను ‘ఎనేబుల్డ్’ చేయండి. ఇప్పుడు మీరు పాస్‌వర్డ్‌తో లోపలికి వెళుతున్నారు కాబట్టి సంతకం కుదరాలి. సంతకం చెల్లలేదనే దోషం వస్తే నాస్ నిర్వహణ పేజీలో ఎస్‌ఎమ్‌బీ సైనింగ్ ఆన్ చేయవలసి ఉంటుంది.

యార్డు వారి విషయంలో నా సలహా ఇది. నాస్‌లో ‘యార్డు’ అనే యూజర్‌ను సృష్టించి, ‘కొలతలు’, ‘ఫోటోలు’ ఫోల్డర్లకు ఏ హక్కు అవసరమో అది ఇచ్చి, వారి ల్యాప్‌టాప్‌ల క్రెడెన్షియల్ మేనేజర్లలో ఒక్కసారి నమోదు చేయండి. రోజూ పాస్‌వర్డ్ కొట్టవలసిన బాధ వారికి ఉండదు. అందరూ మారాక నాస్‌లో గెస్ట్ ప్రవేశాన్నే ఆపేయండి. అప్పుడు తెలియని పేరు వచ్చినా నాస్ తిరస్కరిస్తుంది, విండోస్ పెట్టె చూపిస్తుంది. మీరు మొదట కోరిన పెట్టె నిజంగా తిరిగి వచ్చేది అప్పుడే.

ఇంకొక జాగ్రత్త. విండోస్ దాచిన నమోదు మీరు రాసిన చిరునామాకే చెల్లుతుంది. నాస్ పేరుతో నమోదు చేసి ఐపీతో తెరిస్తే అది వేరే సర్వర్ అనుకుంటుంది, దాచిన పాస్‌వర్డ్‌ను వాడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ నాస్‌కు కొత్త ఐపీ ఇవ్వవచ్చు, కాబట్టి ఐపీలతో నమోదు చేసుకున్న కార్యాలయాల్లో గాలివానల మర్నాడు ఏమీ మార్చకపోయినా ఫోల్డర్లు తెరుచుకోవడం మానేస్తాయి. రౌటర్‌లో నాస్‌కు ఒక ఐపీని శాశ్వతంగా కేటాయించి, అన్ని కంప్యూటర్లలోనూ ఒకే విధంగా పేరుతోనే నమోదు చేయండి.

ఒంగోలు_వైరింగు

పెన్నాతీరం గారూ, ఎస్‌ఎమ్‌బీ 1 విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. కానీ ఒక నిజమైన ఇబ్బంది ఉంది. గెస్ట్‌ను ఆపేస్తే జిరాక్స్ యంత్రాల నుంచి ఫోల్డర్‌లోకి వెళ్లే స్కాన్లు ఆగిపోతాయి. వాటిలో చాలావరకు పేరు, పాస్‌వర్డ్ లేకుండానే పెట్టి ఉంటాయి, కొన్ని పాత యంత్రాలకు ఎస్‌ఎమ్‌బీ 1 తప్ప రాదు. అప్పుడు ఏం చేయాలి?

పెన్నాతీరం

చాలా అవసరమైన ప్రశ్న వేశారు, గెస్ట్ ఆపే ముందే అందరూ దీన్ని చూసుకోవాలి. యంత్రం కూడా ఒక యూజరే అనుకోండి. నాస్‌లో ‘స్కాన్’ అనే ఖాతా, ‘స్కాన్లు’ అనే ఫోల్డర్ పెట్టి, ఆ ఖాతాకు ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు మాత్రమే ఇవ్వండి. యంత్రం చిరునామా పుస్తకంలో ఆ పేరు, పాస్‌వర్డ్ నమోదు చేయండి. యంత్రం పాస్‌వర్డ్ పెట్టె చూపించదు కాబట్టి తప్పు ఉంటే ‘పంపడం విఫలమైంది’ అని మాత్రమే చెబుతుంది. అప్పుడు నాస్ లాగ్‌లో ఆ సమయానికి ఏ పేరు వచ్చిందో చూడాలి. ఫోల్డర్ విండోస్ కంప్యూటర్‌లో ఉంటే ఈవెంట్ వ్యూయర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 అనే సంఖ్య విఫలమైన లాగిన్, 4624 విజయవంతమైనది.

ఎస్‌ఎమ్‌బీ 1 మాత్రమే వచ్చిన యంత్రానికి ముందు తయారీదారు ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ (యంత్రం లోపల నడిచే ప్రోగ్రామ్) ఉందేమో చూడండి. లేకపోతే స్కాన్‌ను ఈమెయిల్‌కో, పెన్‌డ్రైవ్‌కో పంపించుకోండి. ఒక్క యంత్రం కోసం లెక్కల ఫోల్డర్ ఉన్న నాస్‌లో ఆ పాత ప్రోటోకాల్ తెరవవద్దు.

ఆక్వా_ఇందుకూరుపేట

మాస్టారు గారు చెప్పినట్టు చేశాము. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ ఏది కలిపినా పెట్టె వస్తోంది, పేరు, పాస్‌వర్డ్ లేకుండా ఏ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చాము. ధన్యవాదాలు.

చీమకుర్తి_పలక

మా దగ్గర కూడా పూర్తయింది. యార్డు ల్యాప్‌టాప్‌లన్నీ ‘యార్డు’ ఖాతాకు మారాయి, గెస్ట్ ఆపేశాము, నా కంప్యూటర్‌లో గెస్ట్ అడ్డు, సైనింగ్ రెండూ తిరిగి అమల్లో ఉన్నాయి. సైనింగ్ పెట్టగానే ఒకసారి నాస్ తెరుచుకోలేదు. నాస్ పేజీలో దాన్ని ఆన్ చేస్తే సరిపోయింది. వైరింగు గారు ముందే హెచ్చరించినందువల్ల జిరాక్స్ యంత్రానికి ‘స్కాన్’ ఖాతా ఇచ్చాకే గెస్ట్ ఆపాము. దాని సెట్టింగుల్లో ఎస్‌ఎమ్‌బీ 2 ఎంపిక ఉంది, అది ఎంచుకుంటే స్కాన్లు ‘స్కాన్లు’ ఫోల్డర్‌లోకి వస్తున్నాయి.